కాయల గదిలో చెర్రీలు

“నీ చాక్లెట్లు రాళ్ళలా ఉన్నాయన్నారు హరితా, షాపులో అందరూ.” పెరట్లో కాళ్ళు కడుక్కుంటూ అన్నాడు మా ఆయన ఫణి. అని ఊరుకోలేదు, నవ్వాడు కూడా. “మన శౌరి ఏమన్నాడో తెలుసా? పటికబెల్లానికి చాక్లెట్ పూసినట్టుందండీ అన్నాడు.” శౌరి మా మామిడికాయల షాపులో గుమాస్తా. నేను చేతిలోని గరిటె పక్కన పెట్టి వంటింటి గట్టు వైపు చూశాను. నిన్న సాయంత్రం చేసి, పళ్ళెంలో సర్ది, పైన పల్చటి గుడ్డ కప్పి ఉంచిన చాక్లెట్ చెర్రీలు లేవు. గుడ్డ మాత్రం నీటుగా మడత పెట్టి ఉంది. ఆ మడత చూస్తే ఇంకా ఒళ్ళు మండింది.

“అవి అప్పుడే తినేవి కాదండీ. పది పదిహేను రోజులు కదపకుండా ఉంచాలి. అప్పుడు లోపలున్న చక్కెర కరిగి రసమవుతుంది. పొద్దున్నే చెప్పాను మీకు.”

“చెప్పావా?” అన్నాడు తువ్వాలు అందుకుంటూ. “అయినా తినే వస్తువుని పదిహేను రోజులు చూస్తూ కూర్చుంటారా ఎవరైనా? ఈసారి కొంచెం మెత్తగా చెయ్యి.”

ఈ ఇంటికొచ్చి పదిహేడేళ్ళు. నా చేత్తో చేసింది ఏదీ ఈ ఇంట్లో ఒక పూట నిలిచిన పాపాన పోలేదు. దోసె పెనం మీద ఉండగానే అది ఎవరి ప్లేట్లోకి వెళ్తుందో తేలిపోతుంది. సీజన్లో అయితే చెప్పనే అక్కర్లేదు. ఏప్రిల్ నుంచి జూన్ దాకా కాయ కొనడానికి హైదరాబాద్ నుంచీ నాగపూర్ నుంచీ వచ్చేవాళ్ళు, తోటల వాళ్ళు, లారీ డ్రైవర్లు. “ఒక నలుగురికి వండు” అని షాపు నుంచి ఫోనొస్తుంది, ఆరుగురు దిగుతారు. వాళ్ళు తిని లేచాక నేను బీకాం చదివిన పాపానికి షాపు జీఎస్టీ బిల్లులు కొట్టాలి. “ఖాళీగానే ఉంటావుగా” అంటాడు ఫణి, లాప్‌టాప్ తెచ్చి నా ముందు పెడుతూ. కటువుగా అనడు. ప్రేమగానే అంటాడు. అందుకే తిరిగి ఏమీ అనడానికి నోరు రాదు. ఏడాది పొడుగునా నిలిచేది ఆవకాయ ఒక్కటే. అది ముక్క కొట్టిందీ కారం కలిపిందీ నేనే అయినా, తిన్నవాళ్ళందరూ మా అత్తగారి పేరే చెబుతారు. బహుశా అందుకేనేమో, పదిహేను రోజులు ఎవరూ ముట్టుకోకుండా ఉండాల్సిన వంటకం ఒకటుందని తెలియగానే నాకు దాని మీద అంత మనసైంది.

ఆ పిచ్చి ఎలా పట్టిందో చెప్పాలి. పోయిన వేసవిలో హైదరాబాద్ నుంచి రాఘవేంద్ర గారని ఒక పెద్ద వ్యాపారి వచ్చాడు. ఏటా మా దగ్గర రసాలూ బంగినపల్లీ కొంటాడు. వస్తూ వస్తూ ఫారిన్ చాక్లెట్ల పెట్టె ఒకటి తెచ్చాడు. దాన్ని షాపులోనే విప్పేశారు. ఇంటికొచ్చేసరికి మిగిలింది అట్టపెట్టె, బంగారు రంగు కాగితాలు, ఒక మూల అడుగు పగిలి, రసం కారి, కాగితానికి అంటుకుపోయిన చాక్లెట్ ఒకటి. “ఇదిగో, మీకూ ఒకటి ఉంచాను” అన్నాడు ఫణి. నిజంగానే గుర్తుపెట్టుకుని ఉంచానన్న సంతోషం అతని మొహంలో కనిపించింది. అత్తయ్య వద్దన్నారు. తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి వైష్ణవీ నేనూ చెరి సగం తిన్నాం. తిన్నాక నేను ఆ కాగితం నాకాను. చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు. చాక్లెట్, దాని లోపల చెర్రీ, రెంటికీ మధ్య తియ్యగా, కాస్త పుల్లగా ఏదో రసం. ఆ రసం చాలావరకూ కాగితం పాలైపోయింది. పగలనిది ఒకటి నోట్లో పెట్టుకుని కొరికితే ఎలా ఉంటుందో అనుకున్నాను. నాకు కావలసింది అంతే. ఎక్కడా పగలకుండా, నిండుగా రసమైన చెర్రీ ఒకటి, నా పళ్ళతో నేను కొరకాలి.

నలభైకి దగ్గరపడుతున్న ఆడదానికి ఇదేం కోరిక అని ఎవరైనా నవ్వొచ్చు. వాళ్ళకి మా ఇంట్లో మామిడిపండు కోసే తీరు తెలియదు. ఊరి చుట్టూ ఎటు చూసినా తోటలే, అయినా మచ్చలేని కాయ మా వంటింటి దాకా రాదు, అది పెట్టెల్లోకి వెళ్తుంది. మచ్చకాయ కోసినా, రెండు పక్కల చెక్కలు మగవాళ్ళకి, పిల్లలకి, వచ్చినవాళ్ళకి. కోసినవాళ్ళకి టెంక. ఇది ఎవరో కూర్చుని పెట్టిన రూలేమీ కాదు. పెళ్ళైన కొత్తలో ఎవరో “అయ్యో, నీకేం మిగల్లేదే” అంటే, మొహమాటానికి “నాకు టెంకే ఇష్టమండీ” అన్నాను. ఇంకేముంది, హరితకి టెంకంటే ప్రాణమని చింతలపూడిలో మా పుట్టింటి దాకా పాకిపోయింది. అత్తయ్యకీ టెంకే ఇష్టమని నాకు ముందే చెప్పారు. ప్రతి వేసవిలోనూ ఇద్దరం సింకు దగ్గర పక్కపక్కన నిలబడి, మోచేతుల దాకా రసం కారుతుంటే, మాట్లాడకుండా టెంకలు చీకేవాళ్ళం. ఈ ఏడు మే నెలలో ఒక రోజు వైష్ణవి తనే పండు కోసింది. వాళ్ళ నాన్నకి చెక్కలు ప్లేట్లో పెట్టి ఇచ్చి, టెంక తను తీసుకుంది. “అదేంట్రా, నువ్వూ తిను” అన్నాడు ఫణి. “నాకిదే ఇష్టం నాన్నా” అంది. అత్తయ్య వైపు చూస్తే, ఆవిడ మనవరాలినే చూస్తూ ఉండిపోయారు.

సరే, చెర్రీలు. మా నూజివీడులో చెర్రీలు ఎక్కడ దొరుకుతాయి? బేకరీలో కేకుల మీద పెట్టే ఎర్రటివి ఉంటాయి గానీ, అవి చెర్రీలు కావు, వాక్కాయలు. గింజ తీసి, పాకంలో ఊరబెట్టి, రంగు వేస్తారు. ముసునూరు దగ్గర మా తోటకి కంచె అంతా వాక్కాయ పొదలే. మామిడికి కాపలా ఉంటుంది, మందు ఉంటుంది, పూత దగ్గర్నుంచి బేరాలుంటాయి. వాక్కాయని అడిగేవాళ్ళుండరు. పప్పులోకి కావలసినవాళ్ళు కోసుకుపోతారు, మిగతావి రాలిపోతాయి. పైగా అది కాసేది మామిడి అయిపోయి, వానలు పడ్డాక, అంటే సరిగ్గా నాకు కాస్త ఊపిరాడే రోజుల్లో. ఆ సంగతి తట్టినప్పుడు ఆ ముళ్ళ పొదకి మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను.

వైష్ణవీ నేనూ స్కూటీ మీద వెళ్ళి కోసుకొచ్చాం. ముళ్ళు గీరుకుని చేతులు మండాయి, కాయ తుంచితే కారే పాలు వేళ్ళకి జిగురులా పట్టుకున్నాయి. ఒక్కో కాయకీ గాటు పెట్టి, పిన్నీసుతో గింజలు లాగాలి. ఉప్పునీళ్ళలో వేసి పాలు విరిచెయ్యాలి. గట్టిపడ్డానికి సున్నపుతేటలో ఉంచి, బాగా కడిగి, ఒక్క ఉడుకు రానిచ్చి, పాకంలో వెయ్యాలి. రోజూ ఆ పాకాన్ని కాస్త చిక్కబరుస్తూ పోవాలి. “ఇంత తిప్పలెందుకు, విజయవాడ వెళ్ళినప్పుడు అసలు చెర్రీల డబ్బా తెస్తానుగా” అన్నాడు ఫణి. తేలేదు గానీ, తెస్తానన్నాడు. రంగుకి బీట్‌రూట్ ముక్క వేశాను. అప్పుడు ఇంకో పాకం పట్టి, నిమ్మరసం పిండి, వేడి తగ్గాక తెల్లటి ముద్దయ్యేదాకా చెక్క గరిటెతో తిప్పాలి. భుజం లాగేస్తుంది. ఆ ముద్దని చెర్రీ చుట్టూ పల్చగా అద్ది, కరిగించిన చాక్లెట్‌లో ముంచి తీసి, అడుగున సందు లేకుండా ఇంకో పూత పుయ్యాలి. సందుంటే రసమంతా కారిపోతుంది. ఇదంతా అయ్యాక చెయ్యాల్సింది, ఏమీ చెయ్యకుండా వదిలెయ్యడం. లోపల వాక్కాయ పులుపూ తడీ తమ పని తాము చేసుకుంటాయి, చుట్టూ ఉన్న చక్కెర మెల్లగా కరుగుతుంది. నేను ఫోన్లో చూసి నేర్చుకున్న వీడియోలో ఆవిడ “దీన్ని మర్చిపోండి” అంది. నాకు ఆ మాట ఎంత నచ్చిందో.

మొదటిసారివి షాపు పాలయ్యాయి, చెప్పానుగా. రెండోసారి జాగ్రత్తపడ్డాను. స్టీలు డబ్బాలో పెట్టి ఫ్రిజ్జులో కూరగాయల అర వెనక దాచాను. ఈసారి ఎవరూ తియ్యలేదు. నేనే తీశాను. ఒక ఆదివారం చాట్రాయి నుంచి ఫణి మేనమామ నారాయణరావు గారు కుటుంబంతో సహా చెప్పకుండా దిగారు. ఇంట్లో స్వీటు లేదు. “ఏదో ఒకటి పెట్టు హరితా, ఒట్టి కారప్పూస ఏం బాగుంటుంది” అని వంటింటి గుమ్మంలో నిలబడి గుసగుసలాడాడు ఫణి. ఆ డబ్బా సంగతి అతనికి తెలియను కూడా తెలియదు. నా చెయ్యి దానంతటదే ఫ్రిజ్ తలుపు తీసింది. “బాగున్నాయమ్మాయ్, కాస్త గట్టిగా ఉన్నాయి గానీ” అన్నారు నారాయణరావు గారు, దవడ తడుముకుంటూ. వాళ్ళు వెళ్ళాక ప్లేట్లు కడుగుతుంటే ఏడుపొచ్చింది. ఫణి తీసుకుపోతే ఫణి మీద కోపం తెచ్చుకోవచ్చు. నా చేతి మీద నేనేం కోపం తెచ్చుకోను? ఎవరో వచ్చారంటే చాలు, ఏది దాచుకున్నానో దాన్నే ముందు తెచ్చి పెట్టేస్తుంది.

“ఎన్ని రోజులన్నావే?”

వెనక్కి తిరిగి చూస్తే అత్తయ్య. ప్రమీలారాణి గారు పక్కన కూర్చుని ఓదార్చే రకం కాదు. నా పురుడప్పుడు కూడా “అందరం కన్నవాళ్ళమే” అని పక్క గదిలోకి వెళ్ళిపోయారు. గబగబా కళ్ళు తుడుచుకున్నాను.

“ఏవి అత్తయ్యా?”

“అవే, ఆ చాక్లెట్లు. మగ్గడానికి ఎన్ని రోజులు?”

ఆ మాట నేను ఎప్పుడూ వాడలేదు. కరగడం అన్నాను, ఊరడం అన్నాను, సెట్ అవడం అని కూడా అన్నాను. ఆవిడ నోట వినగానే, ఇన్నాళ్ళూ నేను చెప్పాలని తిప్పలు పడుతున్న ముక్క అదేననిపించింది.

“పది పదిహేను రోజులండీ.”

“ఫ్రిజ్జు చలికి ఏదైనా మగ్గుతుందా? ఈసారి చేసి కాయల గదిలో పెట్టు” అన్నారు, నాలుగు గజాల దూరంలో పెరటి అవతలున్న గది వైపు చూపిస్తూ. అని, ఇంకేమీ మాట్లాడకుండా కడిగిన ప్లేట్లు తుడవడం మొదలుపెట్టారు.

కాయల గది మా ఇంట్లో పాత భాగం. పెంకుల కప్పు, మందపాటి మట్టి గోడలు, ఒక్కటే కిటికీ. ఇప్పుడు మామిడి అంతా గ్యాసు ఛాంబర్లలో పండిస్తున్నారు, మా షాపు సరుకైనా అంతే. కానీ రుచి తెలిసిన పాత కస్టమర్ల ఇళ్ళకి వెళ్ళే పెట్టెలు మాత్రం ఆ గదిలోనే, వరిగడ్డిలో పరిచి మగ్గబెడతాం. తాళంచెవి అత్తయ్య బొడ్డున ఉంటుంది. సీజన్లో రోజూ పొద్దున్నే ఆవిడ లోపలికెళ్ళి, లైటు వెయ్యకుండా ఒక్క నిమిషం ఊరికే నిలబడతారు. వాసన చూస్తారు. గడ్డిలోకి చెయ్యి పెట్టి వెచ్చదనం చూస్తారు. బయటికొచ్చి “విప్పొచ్చు” అనో, “మగ్గలేదు” అనో చెబుతారు. మా మామయ్య శ్రీరాములు గారు బతికున్న రోజుల్లో ఆయనంతటి ఆయన కూడా గడప బయట నిలబడి “ప్రమీలా, మగ్గాయా?” అని అడిగేవారు. మగ్గలేదంటే వ్యాను వెనక్కి వెళ్ళాల్సిందే. ఇంకే విషయంలోనూ ఆవిడని అడిగిన పుణ్యాత్ముడు లేడు. పొలం అమ్మినప్పుడు అడగలేదు, మా ఆడపడుచు సింధూరకి సంబంధం ఖాయం చేసినప్పుడు అడగలేదు. ఆ ఒక్క మాట మాత్రం ఆవిడది. మామయ్య పోయాక ఫణి కూడా అదే గడప బయట నిలబడి అడుగుతాడు.

మూడోసారి వాక్కాయలకి అత్తయ్య కూడా మాతో కూర్చున్నారు. కళ్ళజోడు ముక్కు మీదికి జార్చుకుని, పిన్నీసుతో ఆవిడ గింజలు లాగే వేగం చూసి వైష్ణవి ముక్కున వేలేసుకుంది. “ఏంటే చూపు? మా అమ్మ వాక్కాయ పచ్చడి పెట్టేది, మేమే తీసేవాళ్ళం” అన్నారు. ఆవిడ నోట వాళ్ళమ్మ ప్రస్తావన నేను వినడం అదే మొదటిసారి. చాక్లెట్ పూత గట్టిపడ్డాక మామిడిపళ్ళ చెక్కపెట్టెలో కాగితాలు పరిచి, వరసలుగా పేర్చి, కాయల గదిలో బల్ల మీద పెట్టాం. అత్తయ్య తాళం వేసి, చెవి బొడ్డున దోపుకున్నారు.

బయట శ్రావణం వానలు. ఆవిడ రోజూ పొద్దున్నే గదిలోకెళ్ళేవారు. నాకు లోపల్లోపల నవ్వు. గడ్డీ లేదు, వెచ్చదనమూ లేదు, ఏం చూస్తారు? ఒక రోజు తలుపు సందులోంచి తొంగి చూశాను. ఒక చాక్లెట్‌ని చెవి దగ్గర పెట్టుకుని, కొబ్బరికాయ ఊపినట్టు మెల్లగా ఊపి వింటున్నారు. బయటికొచ్చి “ఇంకా లేదు” అన్నారు సీరియస్‌గా. నాకు నవ్వు ఆగిపోయింది. నా వంటని అంత శ్రద్ధగా పట్టించుకున్న మనిషిని నేను అంతవరకూ చూడలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగితే ఉల్లిపాయలు కోసే వంక పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయాను.

అప్పుడొచ్చింది అసలు పరీక్ష. వచ్చే ఏడు తోటల మాటలు మాట్లాడుకోవడానికి రాఘవేంద్ర గారు దిగాడు. ఫణి హడావుడిగా లోపలికొచ్చాడు.

“హరితా, నీ చాక్లెట్లు ఒక ప్లేటు ఇవ్వు. మీరు తెచ్చినవాటి లాంటివే మా ఆవిడ ఇంట్లో చేస్తుందని చెప్పాను. ఆయన నమ్మట్లేదు.”

“ఇంకా అవలేదండీ.”

“మళ్ళీ మొదలెట్టావా? చెప్పేశాను హరితా. ఇప్పుడు లేవంటే నా పరువేం కావాలి?”

మా ఆవిడ చేస్తుంది అని పదిమందిలో చెప్పాడు. నిజం చెప్పొద్దూ, ఆ మాటకి నా ఒళ్ళు పులకరించింది. గొప్పగా చెప్పుకున్నాడుగా, ఓ నాలుగు పెడితే ఏం పోతుంది, మిగతావి ఉంటాయిగా అనుకున్నాను. పది రోజులు మూసిపెట్టిన పెట్టె ఇప్పుడు తెరిస్తే మళ్ళీ రాళ్ళే, మళ్ళీ పటికబెల్లమే, ఈసారి పెద్దమనిషి ముందు. ఒకసారి తెరిచాక ఇంకెవరి కోసమైనా తెరవొచ్చు. ఇవన్నీ తెలుస్తూనే ఉన్నాయి. అయినా నా కాళ్ళు పెరటి వైపు కదిలాయి.

“మగ్గలేదురా.”

వరండాలో పీట మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్న అత్తయ్య, తల కూడా ఎత్తకుండా అన్నారు.

ఫణి ఆగిపోయాడు. “అవి కాయలు కాదమ్మా, చాక్లెట్లు.”

“ఏవైతేనేం? మగ్గలేదు.”

ఫణి ఆవిడ బొడ్డునున్న తాళంచెవి వంక చూశాడు. నేను ఎన్నిసార్లు చెప్పినా చెవికెక్కని మాట, ఆ ఒక్క ముక్కతో ఎక్కింది. “మరి ఎప్పటికి మగ్గుతాయి?” అని అడిగాడు. అచ్చం మామయ్య గారి గొంతు.

“మగ్గినప్పుడు నేను చెబుతాగా. ఆయనకి జంతికలు పట్టుకెళ్ళి పెట్టు.”

“జంతికలు... ఏ డబ్బాలో ఉంటాయి?”

నేను చెప్పబోయాను. అత్తయ్య నా వంక ఒక్క చూపు చూశారు. నోరు మూసుకున్నాను. ఫణి వంటింట్లో నాలుగు డబ్బాలు తీసి, మూతలు తారుమారుగా పెట్టి, చివరికి జంతికలు తనే ప్లేట్లో వేసుకుని వెళ్ళాడు. ఆకాశమేం విరిగిపడలేదు. రాఘవేంద్ర గారు జంతికలు కరకరా నమిలి, బాగున్నాయని మళ్ళీ అడిగాడట.

ఆ రోజంతా నాకు ఒకటే ఆలోచన. నా మాట నడవని చోట ఆవిడ మాట నడిచిందని కాస్త కష్టంగానే ఉంది, లేదనను. కానీ దాన్ని మించి ఇంకోటి ఉంది. ఆ ఇంట్లో ఆవిడకి చెల్లుబాటయ్యే మాట ఒకే ఒక్కటి. దాన్ని ఆవిడ తన కూతురి సంబంధం అప్పుడు కూడా వాడలేకపోయారు. కాయల కోసం వ్యాను ఆపడానికి తప్ప ఎప్పుడూ బయటికి తియ్యని ఆ మాటని, నా పిచ్చి చాక్లెట్ల కోసం కొడుక్కి అడ్డం పెట్టారు. వెళ్ళి కాళ్ళ మీద పడాలనిపించింది. పడితే “ఏంటే ఈ వేషాలు” అంటారని, వెళ్ళి పక్కన కూర్చుని చిక్కుడుకాయలు ఒలిచాను.

ఆ వారంలోనే ఒక పొద్దున, వాన వెలిసి ఎండ కాసింది. అత్తయ్య గదిలోంచి బయటికొచ్చి, తలుపు దగ్గరే నిలబడి, “మగ్గాయి” అన్నారు. ఫణి షాపుకి వెళ్ళిపోయాడు. వైష్ణవి జడ వేసుకుంటూ పరుగెత్తుకొచ్చింది. ముగ్గురం లోపలికెళ్ళాం. ఏళ్ళ తరబడి గోడల్లో ఇంకిపోయిన మామిడి వాసన ఇంకా ఉంది. పెట్టె మూత తీశాను. వరసల్లో చాలావరకూ పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి, నల్లగా, నున్నగా, పొడిగా. ఒక పక్క ఏడెనిమిదింటికి మాత్రం అడుగు సందిచ్చి, రసం కాగితం మీదికి కారింది. నా పూతలో లోపం.

నా చెయ్యి తిన్నగా కారినదాని మీదికే వెళ్ళింది. అక్కడ ఇంకో చెయ్యి తగిలింది. వైష్ణవిది.

“నాకు ఈ పగిలింది చాలమ్మా. నాకిదే ఇష్టం” అంది.

అత్తయ్య ఇద్దరి చేతుల మీదా ఒక్కటి వేశారు. గట్టిగానే తగిలింది.

“ఏంటే అది? ఇంత పెట్టె ముందు పెట్టుకుని!” అన్నారు. “మీ తాతయ్య నలభై ఏళ్ళు ఆ గడప అవతల నిలబడి మగ్గాయా అని అడిగారు నన్ను. ఒక్కనాడు తిన్నావా అని అడగలేదు. ఆయన్నేం అనను. టెంకంటే ఇష్టమని నేనే అందరికీ చెప్పుకొచ్చాను. మీ అమ్మ వచ్చి అదే మాట అంది. అబద్ధమని నాకు తెలుసు, విని ఊరుకున్నాను. మొన్న వేసవిలో నువ్వూ అన్నావు చూడు, ఆ రోజు నాకు అన్నం సయించలేదు. టెంక ఎవరికీ ఇష్టం ఉండదే పిచ్చి మొహమా. అది మా ఇద్దరితో ఆగిపోవాలి.”

ఆవిడే వంగి, వరసలోంచి మంచివి, ఎక్కడా చెక్కుచెదరనివి మూడు ఏరారు. ఒకటి వైష్ణవి చేతిలో పెట్టారు. ఒకటి నా నోటి దగ్గరకే తెచ్చారు. “తిను” అన్నారు.

కొరికాను. పల్చటి చాక్లెట్ పెంకు పుటుక్కుమని విరిగింది. ఆ వెంటనే చల్లటి రసం నోరంతా నిండిపోయింది, తియ్యగా, అడుగున వాక్కాయ పులుపుతో. ఒక్క చుక్క బయటికి పోలేదు. అంతా నాదే. నేను కళ్ళు మూసుకుని నిలబడ్డాను. నాకు దేవుడి గదిలో కూడా అంత ప్రశాంతంగా ఎప్పుడూ అనిపించలేదు. ఆ కంచెకి, ఆ వానకి, ఆ చీకటి గదికి, నా ఎదురుగా నిలబడిన ఆ మొండి మనిషికి, అందరికీ రుణపడిపోయాను. కళ్ళు తెరిచేసరికి అత్తయ్య తన వంతుది నెమ్మదిగా నములుతున్నారు. మింగి, చీర కొంగుతో పెదవులు అద్దుకుని, చెయ్యి చాపారు.

“ఇంకోటి ఇవ్వు.”

ఆవిడ ఇంకోటి కావాలని అడగడం ఈ ఇంట్లో ఎవరూ విని ఉండరు. ఇచ్చాను. తర్వాత వైష్ణవి అడిగింది, తర్వాత నేను ఎవరినీ అడక్కుండానే తీసుకున్నాను. బల్ల చుట్టూ నిలబడి దొంగల్లా నవ్వుకుంటూ వరసలు ఖాళీ చేశాం. బయటికొచ్చాక అత్తయ్య తాళం వేసి, చెవి బొడ్డున దోపుకోబోయి ఆగారు. నా చేతిలో పెట్టారు. “మళ్ళీ కాయ వచ్చేదాకా నీ దగ్గరుంచుకో. ఏం చేసినా ఇందులో పెట్టు. మగ్గిందో లేదో నువ్వే చెప్పు” అన్నారు. దాన్ని నా మంగళసూత్రాల పక్కనున్న పిన్నీసుకి తగిలించుకున్నాను.

సాయంత్రం ఫణి వచ్చి, కాళ్ళు కడుక్కుని, వరండాలో కూర్చున్నాడు. “మగ్గాయటగా? వైషూ ఫోన్లో చెప్పింది” అన్నాడు, ఆశగా. లోపలికెళ్ళి ప్లేటు తెచ్చి పెట్టాను. ఒకటి నోట్లో వేసుకున్నాడు. కళ్ళు పెద్దవయ్యాయి. రెండోది తీస్తే కాగితం కూడా వచ్చింది, దాన్ని కూడా నాకాడు.

“అబ్బ, ఏం చేశావు హరితా! ఈసారి మెత్తగా భలే కుదిరాయి. రాఘవేంద్ర గారు తెచ్చినవి వీటి ముందు ఎందుకు?” మనస్ఫూర్తిగానే అన్నాడు. నాకూ సంతోషంగానే ఉంది. ప్లేటు కాస్త పక్కకి తిప్పి చూశాడు. “అన్నీ పగిలి కారిపోయాయేంటి గానీ? పగలనివి లేవా?”

వరండా అవతలి నుంచి అత్తయ్య, గుమ్మంలోంచి వైష్ణవి నా వైపే చూస్తున్నారు. “అలాగే వచ్చాయండీ” అని అలవాటుగా నోటి దాకా వచ్చింది. తాళంచెవి ఒకసారి తడుముకున్నాను.

“వచ్చాయండీ, బోలెడు వచ్చాయి” అన్నాను. “ఇవి టెంకలు. చెక్కలు మేం తినేశాం.”